రీలు కెమెరా పట్టిన చేతికి



ఇరవై ముప్ఫై ఏళ్లు రీలు కెమెరాతో ఫోటోలు తీసినవాళ్లు మన తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో, శ్రీకాళహస్తిలో ఇంకా చాలామంది ఉన్నారు. కొందరు స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లూ పేరంటాలూ తీసినవాళ్లు. కొందరు బడిపంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు. ఆదివారం వస్తే చంద్రగిరి కోటకో తలకోనకో వెళ్లి, ఒక రీలు పూర్తిచేసుకుని ఇంటికి చేరినవాళ్లు. ఇప్పుడు రీలు దొరకడం కష్టం. దొరికినా ధర ఎక్కువ. కడిగించాలంటే చాలాసార్లు చెన్నైకో బెంగళూరుకో పంపాలి. అందుకని వీళ్లు అడిగే ప్రశ్న ఒకటే. జేబులో పట్టే మంచి డిజిటల్ కెమెరా కొనాలంటే ఏది కొనాలి?

ఫోను ఉంది కదా అంటే వాళ్లకు తృప్తి లేదు. ఫోనులో బొమ్మ బాగానే వస్తుంది, కానీ ఆ బొమ్మలో నేను చేసిన పని ఏముంది అంటారు. ఆ మాట న్యాయమైనదే. వెలుతురు చూసి, దూరం అంచనా వేసి, అపర్చరు తిప్పి, సరైన క్షణం కోసం కాచుకున్న మనిషికి ఆ పనంతా తీసేస్తే మిగిలేది తక్కువ. నేనూ వాళ్లలో ఒకణ్ణే కాబట్టి ఈ సంగతి చెప్పగలను.

చిత్తూరులో చాలాకాలం స్టూడియో నడిపిన మిత్రుడొకాయన, కెమెరా చూద్దామని దుకాణానికి పోయి వచ్చి నాతో అన్నాడు: "మెగాపిక్సెళ్లు ఎన్నో చెప్తా ఉండారప్పా. నేనడిగింది అది కాదు. ఇది నా చెయ్యి చెప్పినట్టు ఇంటాదా లేదా, అది చెప్పేవాడు లేడు." కెమెరా ఎంపికలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

మెగాపిక్సెళ్ల సంగతి తొందరగా తేల్చేద్దాం. 1975లో కోడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరాలో బొమ్మకు 10 వేల చుక్కలే. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అప్పుడు చుక్కల లెక్క అవసరం. ఈనాడు 16 మిలియన్ల చుక్కలున్న కెమెరాతో 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటు హాయిగా వేసుకోవచ్చు. అంతకన్నా పెద్ద ప్రింటు మనలో ఎంతమంది వేయించాం? పాత మోడలు కెమెరాలో 16 మిలియన్లే ఉన్నాయని వెనక్కి తగ్గనవసరం లేదు.

అడగవలసిన కొలత వేరే ఉంది. అది సెన్సరు కొలత. మన రీలు ఫ్రేము 36 మిల్లీమీటర్లకు 24. చవక చిన్న కెమెరాల్లో సెన్సరు చిటికెన వేలి గోరంత, ఆరు మిల్లీమీటర్లకు నాలుగున్నర. వైశాల్యం లెక్కేస్తే మన ఫ్రేములో ముప్ఫయ్యో వంతు. ఒక అంగుళం సెన్సరు అని చెప్పే రకం ఉంది. పేరు అంగుళమే గాని నిజంగా అది 13.2కు 8.8 మిల్లీమీటర్లు, మన ఫ్రేములో ఏడో వంతు కంటే కాస్త తక్కువ. సోనీ వాళ్ల ఆర్ఎక్స్ 100, కానన్ జీ7ఎక్స్ ఈ రకానివి. ఆపైన ఏపీఎస్-సీ అనే రకం, మన ఫ్రేములో ఐదింట రెండు వంతులు. రికో జీఆర్ కెమెరాలు 2013 నుంచి, ఫుజీ ఎక్స్ 100 కెమెరాలు 2011లో పుట్టినప్పటి నుంచి ఈ సెన్సరుతోనే వస్తున్నాయి. సెన్సరు పెద్దదైతే తక్కువ వెలుతురులో బొమ్మ చెదరదు, తెలుపుకూ నలుపుకూ మధ్య మెట్లు ఎక్కువ దొరుకుతాయి. రీలుకు అలవాటుపడ్డ కంటికి ఆ మెట్లే కావాలి.

ఇక మన తిరుపతిలో కెమెరాకు అసలైన పరీక్ష ఎక్కడంటే, నా మటుకు నేను తాతయ్యగుంట గంగమ్మ జాతర అంటాను. మే నెల. ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులు. చాటింపు అయిన మర్నాటి నుంచి వేషాలు మొదలవుతాయి. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంసుద్ద, అంటే తెలుపు. బండ వేషానికి ఒళ్లంతా కుంకుమ. తోటి వేషానికి ఒళ్లంతా బొగ్గు. దొర వేషానికి గంధం. మాతంగి వేషం, సున్నపు కుండలు ఆ తర్వాత. అమ్మవారు ఒక్కో రోజు ఒక్కో రూపంలో పాలెగాణ్ణి వెతుక్కుంటూ తిరిగిన కథకు ఇవన్నీ గుర్తులు. ఫోటోగ్రాఫరు కంటితో చూస్తే మాత్రం తెలుపు, ఎరుపు, నలుపు మూడూ మూడు రోజుల్లో వరసగా ఎదురుపడే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

కెమెరాలో మీటరుకు లోకమంతా మధ్యరకం బూడిద రంగే. నామంసుద్ద పూసుకున్న మనిషిని చూపిస్తే అబ్బో వెలుతురు ఎక్కువ అనుకుని తగ్గించేస్తుంది, తెల్లటి ఒళ్లు బూడిదగా పడుతుంది. బొగ్గు పూసుకున్న మనిషిని చూపిస్తే వెలుతురు చాలదనుకుని పెంచేస్తుంది, నల్లటి ఒళ్లు వెలిసిపోతుంది. ఇది మనకు కొత్త కాదు. తెలుపుకు ఒక స్టాపు, స్టాపున్నర తెరిచేవాళ్లం. నలుపుకు ఒక స్టాపు మూసేవాళ్లం. కాస్త అటూ ఇటూ అయినా నెగిటివ్ కాపాడేది. కలర్ నెగిటివ్ మీద రెండు స్టాపులు ఎక్కువ పడినా ల్యాబులో ప్రింటు వచ్చేది.

డిజిటల్‌లో ఆ దయ లేదు. వెలుతురు ఎక్కువై తెల్లబడిపోయిన చోట ఏ సమాచారమూ మిగలదు, కంప్యూటరు ముందు ఎంత కూర్చున్నా తిరిగి రాదు. స్లైడు రీలు వాడినవాళ్లకు ఇది తెలిసిన సంగతే, ఈ విషయంలో డిజిటల్‌ది స్లైడు స్వభావం. నెగిటివ్ వాడినప్పుడు నీడకు చూసుకుని ఎక్స్‌పోజరు పెట్టాలి, డిజిటల్‌లో వెలుగుకు చూసుకుని పెట్టాలి. బైరాగి వేషానికి స్టాపున్నర కాదు, ఒక్క స్టాపు తెరిచి ఆపి, తెరమీద భుజం, నుదురు మెరిసిపోయాయేమో చూసుకోవాలి. నీడలో ఉన్న వివరం తర్వాత పైకి తీసుకోవచ్చు.

బండ వేషం దగ్గర ఇంకో చిక్కు ఉంది. కుంకుమ ఎరుపు ఎంత గాఢమైనదంటే, మీటరు అంతా బాగుందని చెప్తున్నా సెన్సరులో ఎరుపు వాటా ఒక్కటే నిండి పొర్లిపోతుంది. అప్పుడు మొహం మీద ముడతలు, చెమట చారలు, కుంకుమ పలచబడ్డ చోటు అన్నీ కలిసి ఒకటే ఎర్ర ముద్ద అవుతాయి. దానికి అర స్టాపో, మూడింట రెండు వంతుల స్టాపో తగ్గించి తీయాలి. రా ఫైలుగా దాచుకోవాలి. రా ఫైలు మన నెగిటివ్. జేపీజీ అంటే ల్యాబు వాళ్లు తమకు తోచినట్టు వేసిచ్చిన ప్రింటు.

బ్లాక్ అండ్ వైట్ మనుషులకు ఒక మాట. ఇప్పటి కెమెరాలు కొన్నింట్లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్ల గుణం లోపలే అమర్చుకోవచ్చు. ఫుజీ ఎక్స్ 100 వరసలో ఎక్స్ 100ఎఫ్ మోడలు నుంచి యాక్రోస్ పేరుతో ఆ వసతి ఉంది. ఎరుపు ఫిల్టరు పెట్టి బండ వేషం తీస్తే కుంకుమ మనిషి నామంసుద్ద మనిషిలా తెల్లగా పడతాడు. ఆకుపచ్చ పెడితే బొగ్గు మనిషిలా నల్లబడతాడు. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు వేషాలు ఒకే మనిషి మీద చూపించినట్టు ఉంటుంది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలింస్ వాళ్లు తయారుచేసిన ఇందు రీళ్లు వాడిన రోజుల్లో ఇది చేయాలంటే మూడు గాజు ఫిల్టర్లు సంచిలో మోసుకుపోవాల్సి వచ్చేది.

ఇంత చెప్పిందీ ఎందుకంటే, ఈ స్టాపు పెంచడం తగ్గించడం జనంలో తోసుకుంటూ, నడుస్తూ, రెప్పపాటులో చేయవలసిన పని. మెనూలోకి వెళ్లి, ఇంకో మెనూ తెరిచి చేసేది కాదు. కాబట్టి కొనేముందు చూడవలసిన మొదటి సంగతి, ఎక్స్‌పోజరు సవరించే చక్రమో మీటో బొటనవేలి కింద ఉందా లేదా. ఫుజీ ఎక్స్ 100లో పైన విడిగా చక్రం ఉంది. జీఆర్‌లో వేలికి అందే మీట ఉంది. జీ7ఎక్స్‌లోనూ చక్రం ఉంది. ఇది లేని కెమెరాను సెన్సరు ఎంత పెద్దదైనా నేను కొనను.

రెండోది దూరం. రీలు రోజుల్లో జాతర తీసేటప్పుడు ఫోకసు తిప్పుతూ కూర్చునేవాళ్లం కాదు. 28 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎఫ్ 8లో ఉంచి, ఫోకసు మూడు మీటర్ల చిల్లర దగ్గర బిగిస్తే, సుమారు ఒకటిన్నర మీటరు అవతల నుంచి అంతా తేటగా వచ్చేది. జీఆర్ కెమెరాలో ఈ పద్ధతి అచ్చంగా దొరుకుతుంది. ఒక మీటరు, ఒకటిన్నర, రెండు, రెండున్నర, ఐదు మీటర్లు అని ముందే దూరం ఖాయం చేసి పెట్టుకోవచ్చు. మీట గట్టిగా నొక్కేస్తే ఫోకసు కోసం వెతుక్కోకుండా ఆ దూరానికే తీస్తుంది. పైగా సెన్సరు చిన్నది కాబట్టి, అదే 28 చూపుకు ఎఫ్ 8లో రెండు మీటర్లకు పెడితే దాదాపు ఒక మీటరు నుంచి కనుచూపు మేర దాకా తేటగా ఉంటుంది. అంటే రీలు కెమెరాలో మనకు దొరికినదాని కంటే ఇంకాస్త దగ్గరికి పోవచ్చు. తాతయ్యగుంట వీధుల్లో, వేపమండలూ పొంగళ్ల కుండలూ మోసుకుపోయే జనం మధ్య, ఆ అర మీటరు చాలా విలువైనది. చీకట్లో ఆటో ఫోకసు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండగా మనిషి దాటిపోవడం అనేది ఈ పద్ధతిలో ఉండదు.

జాతర ఆఖరి రాత్రి అమ్మవారి విశ్వరూపం దగ్గర వెలుతురంతా బల్బులది, కర్పూరానిది. 400 రీలును డెవలపర్‌లో ఇంకాసేపు ఉంచి 1600కు లాగిన అనుభవం మనలో చాలామందికి ఉంది. గింజ లేచేది, నీడలు మూసుకుపోయేవి. ఏపీఎస్-సీ సెన్సరున్న చిన్న కెమెరాలో ఐఎస్ఓ 3200 పెట్టి తీస్తే అంతకంటే శుభ్రంగా వస్తుంది. డిజిటల్ మనకు నిజంగా ఇచ్చిన వరం ఇది. గోరంత సెన్సరు కెమెరాతో ఆ రాత్రి మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు కళ్ల సంగతి. మన వయసు వాళ్లలో చాలామందికి చత్వారం వచ్చింది. చిన్న కెమెరాల్లో ఎక్కువభాగానికి వ్యూఫైండరు లేదు, వెనక తెర చూసి తీయాలి. చెయ్యి చాచి తెర చూడాలంటే దగ్గర చూపు అద్దాలు కావాలి, ఎదుటి మనిషిని చూడాలంటే అవి తీసేయాలి. అదీగాక మే నెల మిట్టమధ్యాహ్నం తెరమీద ఆకాశపు నీడ తప్ప ఏమీ కనబడదు. వ్యూఫైండరు ఉన్న కెమెరాలో పక్కనే చిన్న చక్రం ఉంటుంది, మన చూపుకు తగ్గట్టు దాన్ని సరిచేసుకుంటే కళ్లద్దాల గొడవ చాలావరకు తీరుతుంది. కెమెరా మొహానికి ఆనడం వల్ల చెయ్యి వణకడం కూడా తగ్గుతుంది. అందుకే యాభై దాటినవాళ్లు అడిగితే నేను జీఆర్ కంటే ముందు ఎక్స్ 100 పేరు చెప్తాను. అందులో గాజులోంచి నేరుగా చూసే ఏర్పాటు ఉంది, మీట నొక్కితే అక్కడే చిన్న తెరగానూ మారుతుంది. నా వరకు గాజులోంచి చూడటమే ఇష్టం. ఫ్రేము గీతల బయట ఎవరు నడిచి వస్తున్నారో కూడా కనబడుతుంది. జీఆర్ తీసుకునేవాళ్లు పైన తగిలించే చిన్న వ్యూఫైండరు విడిగా కొనుక్కోవచ్చు. దూరం ముందే ఖాయం చేసి తీసేవాళ్లకు అది చాలు.

కుంకుమ గురించి ఇంకొక్క మాట, ఇది మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పనిది. చాలా చిన్న కెమెరాల్లో మీట నొక్కగానే లెన్సు గొట్టం బయటికి వస్తుంది, ఆపేస్తే లోపలికి పోతుంది. గాలిలో కుంకుమ, విభూతి, పసుపు, దుమ్ము లేస్తున్న చోట ఆ గొట్టం పొడిని లోపలికి లాక్కుంటుంది. అది సెన్సరు మీద పడితే ప్రతి బొమ్మలోనూ ఆకాశంలో ఒక మచ్చ. లెన్సు ఊడదీసే కెమెరా అయితే తుడుచుకోవచ్చు. ఈ కెమెరాల్లో లెన్సు ఊడదు, బాగుచేసే చోటికి పంపాల్సిందే. జాతర రోజున కెమెరాను పొద్దున ఒకసారి తెరిచి, జనంలో ఉన్నంతసేపూ మాటిమాటికీ మూసి తెరవకుండా ఉంచడం మంచిది. ఎక్స్ 100వీ, ఆ తర్వాతి మోడలుకు ముందు ఒక రింగు, దానిమీద ఫిల్టరు బిగిస్తే పొడికీ జల్లుకూ కొంత రక్షణ. మనం పూర్వం ప్రతి లెన్సుకూ ఫిల్టరు బిగించినట్టే ఇదీ చేయండి.

బరువు సంగతి అలిపిరి మెట్లెక్కితే తెలుస్తుంది. 3,550 మెట్లు. మన పాత రీలు కెమెరా పెంటాక్స్ కే1000 ఒట్టి బాడీయే 600 గ్రాములు దాటుతుంది, దానికి లెన్సులు వేరే. జీఆర్ 3 బ్యాటరీతో కలిపి 257 గ్రాములు. ఎక్స్ 100 రకం అర కిలో అటూ ఇటూ. తెల్లవారుజామున మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టుకుంటూ వంగి ఎక్కే ఆడవాళ్లను తీయాలంటే పెద్ద కెమెరా చూసి వాళ్లు ఆగిపోతారు. చిన్న కెమెరా ఆ పనిని ఆపదు. అయినా "అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చా" అని అడిగే తీయాలి. కొండమీద ఆలయం లోపలికి ఏ కెమెరానూ రానివ్వరు, అది అందరికీ తెలిసిందే.

చిన్న కెమెరాతో కానివి కూడా ఉన్నాయి. తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్‌లో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోవే. వాటికోసం పెద్ద లెన్సు కావలసిందే. తలకోన జలపాతం మాత్రం చక్కగా వస్తుంది. వెలుతురును తగ్గించే ఫిల్టరు జీఆర్, ఎక్స్ 100 రెండింటిలోనూ లోపలే ఉంది, పట్టపగలే షట్టరు నిదానం చేసి నీటిని పాలధారలా తీయవచ్చు.

ధర దగ్గర చాలామంది ఆగిపోతారు. 2024లో వచ్చిన ఎక్స్ 100-6 మన దేశంలో లక్షన్నర రూపాయలకు పైమాటే. అంత పెట్టనవసరం లేదు. 2013 నాటి జీఆర్, 2014 నాటి ఎక్స్ 100టీ లాంటివి చేతులు మారి దొరుకుతున్నాయి. చెన్నై మనకు మూడు నాలుగు గంటల ప్రయాణం. వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి, బొమ్మ చూసి తెప్పించుకోకండి. తెల్ల కాగితాన్ని ఎఫ్ 16లో ఒకసారి తీసి పెద్దది చేసి చూస్తే సెన్సరు మీద మచ్చలుంటే బయటపడతాయి. బ్యాటరీ కొత్తది దొరుకుతుందో లేదో అక్కడే అడగండి. నికాన్ ఎఫ్ఎం2లో బటన్ బ్యాటరీ అయిపోయినా షట్టరు పడేది, ఆగిపోయేది మీటరు ఒక్కటే. ఈ కెమెరాలకు బ్యాటరీ లేకపోతే ప్రాణం లేదు. జీఆర్ 3 ఒక చార్జికి 200 ఫోటోల దగ్గర అలసిపోతుంది. జాతరకు కనీసం రెండు విడి బ్యాటరీలు జేబులో ఉండాలి.

కొన్న తర్వాత ఆ కెమెరాతో చేయదగిన ఒక పని చెప్పి ముగిస్తాను. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. ఇప్పుడు మనం చూస్తున్నది అదే చోట కొత్తగా కట్టి, 2017లో కుంభాభిషేకం చేసినది. దాదాపు ఐదు వందల ఏళ్లు నిలిచిన ఆ పాత గోపురం దగ్గర నిలబడి ఫోటో తీయించుకున్న కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. ఆ ఫోటోల్లో చాలాభాగం రీలు మీద తీసినవే. అవి ఇప్పటికీ స్టూడియోల అటకల మీద, ఇళ్లలో బీరువాల కింద, కాగితపు కవర్లలో ఉన్నాయి. అక్టోబరు నవంబరు వానల చెమ్మకు ఏడాదికేడాది బూజు పడుతోంది.

వాటిని ఈ చిన్న కెమెరాతోనే డిజిటల్ చేసుకోవచ్చు. జీఆర్, ఎక్స్ 100 రెండూ చాలా దగ్గరి నుంచి తీయగలవు. ట్యాబ్ తెరమీద తెల్ల పేజీ తెరవండి. నెగిటివ్‌ను తెరకు ఆనించకుండా, నాలుగు వేళ్ల ఎత్తున అట్ట చట్రంలో బిగించండి, ఆనిస్తే తెర చుక్కలు కూడా బొమ్మలో పడతాయి. గదిలో మిగతా దీపాలు ఆర్పేయండి. కెమెరాను స్టాండు మీద తిన్నగా కిందికి చూసేట్టు పెట్టి, ఎఫ్ 8లో, రెండు సెకన్ల టైమరుతో, రా ఫైలుగా తీయండి. ఫ్రేము నిండా రాకపోయినా పోస్టుకార్డు సైజు ప్రింటుకు సరిపడా వివరం వస్తుంది. కంప్యూటరులో తెలుపు నలుపులు తిరగేస్తే బొమ్మ కనబడుతుంది. కలర్ నెగిటివ్‌కు నారింజ పొర తీసే పని అదనం. కవరు మీద రాసి ఉన్న పేరు, ఊరు, తేదీ ఆ ఫైలుకే పేరుగా పెట్టండి. రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. నెగిటివ్‌ను మాత్రం పారేయకండి.

మీ దగ్గర కాళహస్తి పాత గోపురం ఉన్న రీలు ఏదైనా ఉంటే, ఈ పని దానితోనే మొదలుపెట్టండి.